మూడు దాకా లెక్కపెట్టడం

4 మార్చి 2019, సోమవారం

ఈ డైరీ నా ఇష్టంతో మొదలుపెట్టింది కాదు. ఇవాళ మా మేనేజర్ చేతికిచ్చిన కోర్సు ఉత్తరంలో రాయమన్నారు. రోజూ ఏం చేశానో, ఏమనుకున్నానో నిజాయితీగా రాసుకోవాలట. ఎవరూ చదవరట. ఎవరూ చదవనిదాన్ని రాయించడం దేనికో వాళ్లకే తెలియాలి.

నా పేరు గ్లినిస్ హెస్లప్. ఎవరూ చదవనప్పుడు పేరెందుకు అంటే, ఏమో, ఖాళీ పేజీ చూస్తే ముందు పేరు రాయడం అలవాటు. వయసు యాభై మూడు. సండర్లండ్‌లో లార్క్‌ఫీల్డ్ అనే కేర్ హోమ్‌లో ఇరవై నాలుగేళ్లుగా కేరర్‌ని. పొద్దున్నే ముసలివాళ్లని మంచం మీంచి లేపడం, స్నానం చేయించడం, కుర్చీలో కూర్చోబెట్టడం, సాయంత్రం మళ్లీ పడుకోబెట్టడం నా పని. ఈ లేపడంలోనూ దించడంలోనూ నా నడుము పోయింది. డాక్టరు స్కాన్ చూసి రెండు డిస్కుల పేర్లు చెప్పాడు. నాకవి బస్సు నంబర్లలా వినిపించాయి. ఈస్టర్ తర్వాత నేను ఎవరినీ ఎత్తకూడదు, పట్టకూడదు, వంగి పని చేయకూడదు.

ఇవాళ మేనేజర్ రోవేనా గదికి పిలిచింది. ముప్ఫై ఒక్కేళ్ల పిల్ల, చేతికున్న వాచీ, కూర్చుంది చాలు లే అన్నట్టు, గంటకోసారి బుర్రుమంటుంది, అప్పుడల్లా లేచి నిలబడుతుంది. నాకు ముందుగా బిస్కట్ ఇచ్చింది. అప్పుడే భయం వేసింది, ఈవిడ ఊరికే బిస్కట్ ఇచ్చే రకం కాదు. విషయం ఏమిటంటే, మనుషుల్ని ఎలా కదిలించాలో, ఎలా లేపాలో మిగతా స్టాఫ్‌కి నేర్పడానికి హోమ్‌కి సొంత ట్రైనర్ ఒకరు ఉండాలట. అలా నేర్పేవాళ్లని తయారుచేసే కోర్సు అయిదు రోజులు. చివర్లో పరీక్ష ఉంటుంది. పాసైతే ఆ ఉద్యోగం నాది. కాకపోతే నా నడుముకి సరిపడే పని లార్క్‌ఫీల్డ్‌లో ఇంకేదీ లేదు. ఇదంతా చాలా మెత్తగా చెప్పింది.

మాల్కమ్‌కి చెప్పాను. మా ఆయన, బస్సు డ్రైవరు. ఇరవై నాలుగేళ్లుగా చేస్తున్న పని నీకు ఇంకొకరు నేర్పేదేమిటి అన్నాడు. నిజం చెప్పాలంటే నేనూ అదే అనుకున్నాను.

6 మార్చి, బుధవారం

పన్నెండో నంబరు గదిలో ఎడ్విన్ థర్ల్‌వెల్ గారు మంచం దిగక ఇవాళ్టికి పదకొండు రోజులు.

ఎనభై ఆరేళ్ల మనిషి. నవంబరులో పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. మొదట్లో ఇద్దరం పట్టుకుంటే లేచి నిలబడేవారు. ఇప్పుడు కాళ్లు నిలవడం లేదు, హోయిస్ట్ తప్ప దారి లేదు. చక్రాల మీద నడిచే చిన్న క్రేను లాంటిది అది. మనిషి కింద స్లింగ్ అనే గుడ్డ ఉయ్యాల దూర్చి, దాని నాలుగు కొసలూ కొక్కేలకి తగిలించి, బటన్ నొక్కితే పైకి లేస్తుంది. ఈయన దాన్ని చూస్తే చాలు, ఎడమచేత్తో మంచం కమ్మీ పట్టుకుంటారు, వదలరు. నర్సు భయపడుతోంది. వీపు కింద చర్మం ఎర్రబడుతోందట, ఇలాగే పడుకుంటే పుండవుతుందట.

బతిమాలే పని నాకు అప్పజెప్పారు. లార్క్‌ఫీల్డ్‌లో నా నోటికి పేరుంది. నేను మాటల్లో పెట్టేస్తే లేచాక కూడా లేచామని వాళ్లకి తెలియదు. ఇవాళ కూడా వాన గురించి, బింగో ఆట గురించి, శనివారం ఫుట్‌బాల్ మ్యాచ్ ఓడిపోవడం గురించి చెబుతూనే ఉన్నాను. అటుపక్క నుంచి డోరోటా స్లింగ్ దూరుస్తోంది. డోరోటా పోలండ్ అమ్మాయి, తొమ్మిదేళ్లుగా నాకు జత. థర్ల్‌వెల్ గారు "ఆపు, పిల్లా" అన్నారు. నేను ఆపలేదు, ఇంకో కబురు మొదలుపెట్టాను. ఓట్స్ జావ గిన్నె నా ఒళ్లోకి వచ్చిపడింది.

ఎంత మొండి మనిషో. యాభై మూడేళ్లదాన్ని పట్టుకుని పిల్లా అనడం ఒకటి.

11 మార్చి, సోమవారం. కోర్సు మొదటిరోజు

కోర్సు న్యూకాజిల్‌లో. మా సండర్లండ్ టీముకి బద్ధశత్రువుల ఊరు కాబట్టి మాల్కమ్ మొహం మాడిపోయింది. వాళ్ల ఊళ్లో ఏమీ తినకు అని టిఫిన్ బాక్సు కట్టి ఇచ్చాడు. ఫుట్‌బాల్ తప్ప బుర్రలో ఇంకేమీ లేని మనిషి.

మేము ఎనిమిదిమందిమి. నేర్పే ఆవిడ హెదర్ పికర్స్‌గిల్, యార్క్‌షైర్ ఆవిడ. సన్నగా, నిటారుగా, చీపురుకట్ట నిలబెట్టినట్టు ఉంది. నవ్వదు. ఏది విన్నా చిన్న నోట్‌బుక్‌లో రాసుకుంటుంది. పొద్దున్నే ఒక బల్ల చుట్టూ నలుగురిని నిలబెట్టి, ఒకటి రెండు మూడు అనుకుని ఎత్తండి అంది. ఇద్దరు మూడు అంటూండగా ఎత్తారు, ఇద్దరు మూడు అన్నాక ఎత్తారు. బల్ల మీది కాఫీలన్నీ నా బూట్లలోకి వచ్చాయి. బల్ల స్థానంలో మనిషి ఉంటే, అని హెదర్ ఆగింది. అంకెలు చెప్పొద్దట. చేయబోయే పనే చెప్పాలట. రెడీ, స్టెడీ, లేవండి. అదీ మనం చెప్పడం కాదు, వీలైనంతవరకూ లేచే మనిషే చెప్పాలట.

అప్పుడు నేను నోరు జారాను. నాకు ఆ గొడవే లేదు, నేను రెండుకే లేపేస్తాను అన్నాను. మూడు అనేసరికి జనం బిగుసుకుపోతారు, రెండు దగ్గర లేపితే ఒళ్లు తేలిగ్గా వస్తుంది, ఇరవై నాలుగేళ్ల అనుభవం. అందరూ పగలబడి నవ్వారు. హెదర్ నవ్వలేదు. నోట్‌బుక్‌లో రాసుకుంది. అంటే ఇరవై నాలుగేళ్లుగా పొద్దున్నే వాళ్లకి అబద్ధం చెబుతున్నారన్నమాట అంది. కోప్పడి అనలేదు, టైమెంత అని అడిగినట్టు అంది.

చంకల్లో చెయ్యి వేసి లేపడం గురించి కూడా చెప్పింది. భుజాలు జారిపోతాయి, మన నడుములు పోతాయి, అది ఎప్పుడో మానేయమన్న పద్ధతి అని. ఎప్పుడో అంటే ఎప్పుడు అని లెక్క చూస్తే నేను ఉద్యోగంలో చేరకముందే.

టిఫిన్ బాక్సులో హామ్ రొట్టె బాగుంది.

12 మార్చి, మంగళవారం

ఇవాళ జరిగింది రాయాలంటేనే కోపం వస్తోంది.

అందరూ వంతులవారీగా పేషెంట్‌గా నటించాలి. నా వంతు వచ్చింది. నన్ను మంచం మీద పడుకోబెట్టి, స్లింగ్ దూర్చి, హోయిస్ట్‌తో ఎత్తారు. ఎత్తినవాళ్లు గేట్స్‌హెడ్ నుంచి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు, మంచివాళ్లే. నా మోకాళ్లు నా చెవుల దగ్గరికి వచ్చాయి. బరువంతా ఎక్కడికి పోయిందో తెలియదు, కాలికి నేల అందదు, చేతికి పట్టు దొరకదు. వాళ్లిద్దరూ నా పొట్ట మీదుగా స్పెయిన్ వెళ్లినప్పటి హోటల్ గురించి మాట్లాడుకుంటున్నారు. అక్కడ బఫేలో గుడ్లు చల్లగా ఉండేవట. అంతలో ఒకామె మోచెయ్యి ఎర్ర బటన్‌కి తగిలి మెషీను ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేయడం ఇద్దరికీ రాలేదు. హెదర్‌ని పిలుచుకొస్తాం అని వెళ్లారు. హెదర్ ఫోన్‌లో ఉంది. పక్క బల్ల దగ్గర టీ వచ్చింది.

పదకొండు నిమిషాలు వేలాడాను. పైకప్పులో ఒక పలకకి గోధుమరంగు మరక ఉంది, ఇప్పుడు అడిగినా బొమ్మ గీసి ఇవ్వగలను. మధ్యలో ఒకతను నన్ను ఇలా కొంచెం పక్కకి తిప్పి, నా వెనకున్న షుగర్ డబ్బా తీసుకుని వెళ్లాడు. నన్ను అడగలేదు. సారీ అన్నాడు, నాకు కాదు, హోయిస్ట్‌కి తగిలినందుకు.

ఆఖరికి దించారు. హెదర్ వచ్చి, ఎలా అనిపించింది అని అడిగింది. మామూలుగా అయితే ఇలాంటి ప్రశ్నకి నా దగ్గర పది జవాబులుంటాయి. ఇవాళ ఒక్కటే వచ్చింది, ఎవరూ నా పేరు పలకలేదు అన్నాను. అంటూండగానే థర్ల్‌వెల్ గారి ఓట్స్ జావ గుర్తొచ్చింది.

13 మార్చి, బుధవారం

నడుము నొప్పి. స్లైడ్ షీట్ ఇంటికి తెచ్చాను, ప్రాక్టీసుకి.

13 మార్చి, సాయంత్రం ఏడున్నర

స్లైడ్ షీట్ అంటే జారుడు గుడ్డ. పడుకున్న మనిషి కింద పరిస్తే, లాగకుండానే పైకి జరపొచ్చు. మా మంచం మీద మాల్కమ్‌ని పడుకోబెట్టి, హెదర్ చెప్పినట్టు అన్నీ చేశాను. మీకు ఇష్టమేనా అని అడిగాను. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఎప్పుడూ లేనిది ఇప్పుడెందుకు అన్నాడు. ఏం చేయబోతున్నానో చెప్పాను. రెడీ, స్టెడీ, జరగండి అన్నాను. అంత బాగా జారుతుందని ఇద్దరం అనుకోలేదు. తల వెళ్లి హెడ్‌బోర్డుకి తగిలింది, అదిరిపడి పక్కకి తిరిగాడు, మిగతా పని గుడ్డ చేసింది. ఆయన అటుపక్క నుంచి నేల మీదికి, ఆయనతోపాటు పిల్లి.

ఆయనకేమీ కాలేదు. పిల్లి మాత్రం ఇంకా బీరువా మీద నుంచి దిగలేదు.

15 మార్చి, శుక్రవారం. కోర్సు ఆఖరిరోజు

అందరూ ఒక్కో పాఠం చెప్పి చూపించాలి. నేను కుర్చీలోంచి లేపడం చెప్పాను. ఎంత బాగా చెప్పానో. జోకులు పేలాయి, గేట్స్‌హెడ్ వాళ్లు కళ్లు తుడుచుకున్నారు. చివర్లో పేషెంట్‌గా కూర్చున్నతన్ని లేపి చూపించాను. రెడీ, స్టెడీ అన్నాను. లేవండి అనకముందే లేపేశాను.

రెడీ ఒకటి, స్టెడీ రెండు. నా చేతులకి అంతే తెలుసు.

హెదర్ అందరినీ పంపించేసి నన్ను కూర్చోబెట్టింది. ఇక్కడ పాస్ చేయలేను, ఫెయిల్ కూడా చేయను అంది. ఇరవై ఎనిమిదో తారీఖున లార్క్‌ఫీల్డ్‌కి వస్తాను, అక్కడ మీ స్టాఫ్ ఇద్దరికి, ఒప్పుకున్న ఒక రెసిడెంట్‌తో హోయిస్ట్ పాఠం చెప్పండి, దాన్నిబట్టి తేల్చేస్తాను అంది. లేచేముందు ఇంకో మాట అంది. "మీ నోరు చాలా మంచిది, మిసెస్ హెస్లప్. చెవులకే ఇంకా పని ఇచ్చినట్టు లేరు."

బస్సులో ఇంటికి వస్తూ ఎవరితోనూ మాట్లాడలేదు. చెవులకి పని ఇచ్చాను. వెనక సీట్లో ఒకామె తన చెల్లెలి మొగుణ్ణి తిట్టడం పూర్తిగా విన్నాను.

18 మార్చి, సోమవారం

ఇవాళ డ్యూటీకి అరగంట ముందే వెళ్లి పన్నెండో గదిలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. హోయిస్ట్ తీసుకెళ్లలేదు. వాన గురించి చెప్పలేదు. నోరు మూసుకుని కూర్చోవడం ఇంత కష్టమని నాకు తెలియదు, నాలుక పళ్ల మధ్య పెట్టుకున్నాను. థర్ల్‌వెల్ గారు చాలాసేపు గోడవైపు చూసి, నీకు ఒంట్లో బాగాలేదా అని అడిగారు.

హోయిస్ట్ అంటే ఎందుకు ఇష్టం లేదు అని అడిగాను. ఇరవై మూడు రోజుల్లో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదని అప్పుడే తట్టింది. అది ఎంత బరువు మోస్తుంది అని ఆయన ఎదురు అడిగారు. తెలియదు. ఎప్పుడు టెస్ట్ చేశారు? తెలియదు. చీటీ ఎక్కడుంది? ఏ చీటీ? ఆయన కళ్లు మూసుకున్నారు, నేనేదో బూతు మాట అన్నట్టు.

వెళ్లి చూసొచ్చాను. హోయిస్ట్ స్తంభానికి వెనక చీటీ ఉంది. నూట డెబ్బై అయిదు కిలోలు, జనవరిలో టెస్ట్ చేశారు. ఆ సంగతి చెప్పాక మాట్లాడారు. ముప్ఫై అయిదేళ్లు ఇక్కడి షిప్‌యార్డ్‌లో క్రేన్ నడిపారట. నాకు తెలియనే తెలియదు. ఫైల్లో రిటైర్డ్ అని ఉంది, అంతే. పైన అరవై అడుగుల ఎత్తులో గాజు గదిలో కూర్చుంటే కింద మాటలేవీ వినపడవు. కింద ఒక్క మనిషి చేత్తో సైగ చేస్తాడు. అతని చెయ్యి తప్ప ఇంకేదీ చూడకూడదు. ఇద్దరు సైగ చేస్తే ఆ రోజు ఎవరో చచ్చారన్నమాటే. సరుకు ఎత్తేముందు తాళ్లు బిగిసేదాకా మాత్రమే ఎత్తాలి, ఆపాలి, చుట్టూ చూడాలి, తర్వాతే నేల వదలాలి.

"ఇక్కడ అందరూ మాట్లాడతారు, పిల్లా. ఒక్కరూ చెయ్యెత్తరు. అడక్కుండా ఎత్తేది సరుకుని. నేను ముప్ఫై అయిదేళ్లు ఎత్తాను, నాకు తెలుసు."

నాకు మొహం చెల్లలేదు. సారీ అన్నాను. ఆ జావ మరక పోలేదా అని అడిగారు. పోలేదు అన్నాను. బాగా సంతోషించారు.

20 మార్చి, బుధవారం

థర్ల్‌వెల్ గారు లేచారు!

సైగలన్నీ నాకూ డోరోటాకూ ఆయనే నేర్పారు. చూపుడువేలు పైకెత్తి తిప్పితే, ఎత్తు. అరచెయ్యి కిందికి ఆడిస్తే, దించు. పిడికిలి బిగిస్తే, ఆపు, ఎవరు ఏం చెబుతున్నా సరే. ఎడమచెయ్యి చాలు. నేను నోరు మెదపకూడదన్నది షరతు. డోరోటా చేతిలో బటన్. వేలు తిరిగింది, తాళ్లు బిగిశాయి, పిడికిలి. నాలుగు కొక్కేలూ ఒక్కొక్కటే చూశారు. మళ్లీ వేలు. మంచం వదిలి పైకి వచ్చారు, మళ్లీ పిడికిలి. గాల్లో అలాగే ఉండిపోయారు, ఒక నిమిషం పైనే. డోరోటా కంగారుగా నావైపు చూసింది. ఏమీ లేదు. ఆపగలరు కాబట్టి ఆపారు, అంతే. కిటికీలోంచి సముద్రం చూశారు.

తర్వాత మమ్మల్ని గదంతా రెండు చుట్లు తిప్పించి, అప్పుడు కుర్చీలో దిగారు. దిగి చేత్తో కప్పు వంచినట్టు నోటి దగ్గర సైగ చేశారు. ఇదేం సైగ అని ఇద్దరం కాసేపు తలలు పట్టుకున్నాం. టీ.

డోరోటా ఏడ్చింది. నేను కూడా.

21 మార్చి, గురువారం

రోవేనా పిలిచింది. బిస్కట్ లేదు. పన్నెండో గదిలో ఒక మనిషిని లేపడానికి ఇరవై రెండు నిమిషాలు పట్టిందట, రోటా అనే మా పనుల పట్టికలో ఉన్నవి ఎనిమిది. పద్ధతి బాగుంది గానీ అందరూ ఇలా సముద్రం చూస్తామంటే లంచ్‌కి బ్రేక్‌ఫాస్ట్ పెట్టాలి అంది. ఇరవై నాలుగు రోజులు జీరో నిమిషాల్లో పని అయింది, ఎందుకంటే ఆయన లేవనే లేదు అన్నాను. వాచీ బుర్రుమంది. లేచి నిలబడింది. పరీక్షకి ఆయన వద్దు, విన్నీ క్రాగ్ గారిని పెట్టుకోమంది. అది మాత్రం మంచి సలహాయే. విన్నీ గారికి తొంభై ఒకటి, దేనికైనా సరేనమ్మా అంటారు. గట్టిగా పిలిచినా సరేనమ్మా, సూప్ చల్లారిపోయినా సరేనమ్మా.

నా ఉద్యోగం విషయం. నేనూ సరేనన్నాను.

26 మార్చి, మంగళవారం

విన్నీ గారిని పద్ధతిగా అడిగాను. మోకాళ్ల ఎత్తులో కూర్చుని, కళ్లలోకి చూసి, గురువారం ఏం జరుగుతుందో, ఎవరెవరు ఉంటారో అంతా చెప్పాను. మీకు ఇష్టమైతేనే, వద్దన్నా ఎవరూ ఏమీ అనుకోరు అన్నాను. విన్నీ గారు చాలాసేపు ఆలోచించారు. "అయితే వద్దమ్మా" అన్నారు.

పరీక్ష ఎల్లుండే. పైగా ఆవిడకి ఆ మాట నోటికి రుచిగా తగిలినట్టుంది. మధ్యాహ్నం సూప్ వద్దన్నారు. బింగో వద్దన్నారు. నీలం స్వెటర్ నాకు ఆరేళ్లుగా నచ్చలేదు అన్నారు. కిచెన్‌వాళ్లు నన్ను ఉరిమి చూస్తున్నారు.

27 మార్చి, బుధవారం

థర్ల్‌వెల్ గారిని అడిగాను. అంతా చెప్పాను, నా ఉద్యోగం సంగతి కూడా. దాచడం అన్యాయం అనిపించింది. వచ్చే ఆవిడ యార్డు మనిషేనా అన్నారు. కాదు, యార్క్‌షైర్ మనిషి అన్నాను. నిట్టూర్చి, ఏం చేస్తాం, రమ్మను అన్నారు.

స్టాఫ్ ఇద్దరు కావాలి. డోరోటా ఒకరు. ఇంకొకరు సెలవులో ఉన్నారు. రోవేనా తానే నేర్చుకుంటానంది.

28 మార్చి, గురువారం, మధ్యాహ్నం మూడు

స్టాఫ్ రూమ్‌లో కూర్చుని రాస్తున్నాను. లోపల హెదర్ కాగితాలు నింపుతోంది. ఇంకా చెప్పలేదు. జరిగింది జరిగినట్టు రాసేస్తాను, లేకపోతే పిచ్చెక్కుతుంది.

పాఠం బాగానే మొదలైంది. తక్కువ మాట్లాడాను. చీటీ ఎక్కడుందో చూపించాను, రోవేనాకి కూడా తెలియదు. స్లింగ్ ప్రతి కొసకీ మూడు రంగుల ఉచ్చులు ఉంటాయి, పొడవును బట్టి. రెండు భుజాలకీ ఒకే రంగు తగిలించాలి, లేకపోతే మనిషి ఒక పక్కకి ఒరిగిపోతాడు. ఇది వాళ్లకి చెబుతూ చెబుతూ, హెదర్ పెన్ను కదలడం చూస్తూ, నా చేతులతో నేనే ఎడమ భుజానికి ఆకుపచ్చ, కుడి భుజానికి పసుపు తగిలించాను. నాకు తెలియలేదు. ఎవరికీ తెలియలేదు.

థర్ల్‌వెల్ గారు వేలెత్తి తిప్పారు. బటన్ రోవేనా చేతిలో ఉంది. తాళ్లు బిగిశాయి. పిడికిలి.

అప్పుడే రోవేనా వాచీ బుర్రుమంది. ఆమె చూపు దానిమీదికి పోయింది, బొటనవేలు బటన్ మీదే ఉంది. ఇరవై నాలుగేళ్ల నా నోరంతా గొంతులోకి ఒక్కసారిగా వచ్చింది. కానీ షరతు గుర్తుంది, ఒకరి చెయ్యే చూడాలి. నేను కూడా పిడికిలి బిగించి, తీసుకెళ్లి ఆమెకూ వాచీకీ మధ్య పెట్టాను. బొటనవేలు లేచింది. అప్పటికి ఆయన ఒళ్లు ఇంకా మంచం వదల్లేదు, అంగుళం కూడా.

ఆయన తల తిప్పి కుడి భుజం వైపు చూశారు. నేనూ చూశాను. పసుపు.

అరచెయ్యి కిందికి ఆడించారు. దించాం. తాళ్లు వదులయ్యాయి. నేను డోరోటాకీ రోవేనాకీ చెప్పాను, తప్పు నాది, రంగులు చూడకుండా తగిలించాను, ఈయన ఆపకపోతే నేను పట్టుకునేదాన్ని కాదు అని. ఆకుపచ్చ తగిలించాను. మళ్లీ మీ ఇష్టం, ఇవాళ్టికి చాలనుకుంటే చాలు అని ఆయనతో అన్నాను. నాకు అప్పుడే తెలుసు, ఉద్యోగం పోయిందని. ఆయన వేలు పైకెత్తారు.

అంతా అయ్యాక హెదర్ నన్నేమీ అడగలేదు. వెళ్లి ఆయన కుర్చీ పక్కన వంగి కూర్చుంది. తాళ్లు బిగియగానే ఆపి చూడాలని ఈవిడకి ఎవరు నేర్పారు అని అడిగింది. నేనే అన్నారాయన. మరి ఈవిడ ఇంకొకరికి నేర్పొచ్చంటారా అని అడిగింది. ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూశారు, క్రేన్ గదిలోంచి చూసినట్టు.

"నవంబరులో నన్ను రెండుకే లేపేది. నాకు తెలియదనుకుంది. ఇరవై నాలుగేళ్లకి మూడు దాకా లెక్కపెట్టడం వచ్చింది దానికి. నేర్పనివ్వండి, ఆ లెక్క ఇంకా నలుగురికి రావాలి."

హెదర్ నోట్‌బుక్‌లో రాసుకుంది. తల వంచుకుని ఉంది కాబట్టి చెప్పలేను గానీ, భుజాలు కదిలాయి.

28 మార్చి, నాలుగున్నర

పాస్.

ఉచ్చులు తప్పు తగిలించినందుకు ఆ గడిలో సున్నా వేసింది, దాన్ని దాచలేదు. కానీ బరువు మంచం వదలకముందే ఆగింది, ఆపడం మీ పాఠంలోనే ఉంది, తప్పు మీరే చెప్పారు, నేను చూడాల్సింది అదే అంది. మూడు నెలల్లో ఉచ్చుల పాఠం మళ్లీ చూడటానికి వస్తానంది. వెళుతూ వెళుతూ రోవేనాకి సలహా ఇచ్చింది, హోయిస్ట్ పట్టుకునేటప్పుడు వాచీ తీసి జేబులో పెట్టుకోమని. పన్నెండో గదికి రోటాలో ఇరవై నిమిషాలు రాయమని కూడా చెప్పింది. రోవేనా రాసింది. రెండు నిమిషాలు తగ్గించింది గానీ రాసింది.

విన్నీ గారికి పాసయ్యానని చెప్పి, సంతోషమేనా అన్నాను. ఆలోచించి చెబుతాను అన్నారు.

8 ఏప్రిల్, సోమవారం

మొదటి క్లాసు. ఆరుగురు వచ్చారు. అసిస్టెంట్ ట్రైనర్ అని బోర్డు మీద థర్ల్‌వెల్ గారి పేరు కూడా రాశాను. స్పెల్లింగ్ తప్పు రాశానని పిడికిలి చూపించారు.

11 ఏప్రిల్, గురువారం, పొద్దున ఆరుంబావు

నడుము పట్టేసింది. మంచం అంచున కూర్చున్నాను, లేవలేను. మాల్కమ్ పరుగున వచ్చి చంకల్లో చేతులు పెట్టబోయాడు. పిడికిలి చూపించాను. ఎందుకో గానీ ఆగాడు. వంగి, నా మొహంలోకి చూసి, ఎప్పుడు చెబితే అప్పుడు అన్నాడు. ముప్ఫై ఏళ్లలో నన్ను అలా ఎవరూ అడగలేదు. వెంటనే లేవబుద్ధి కాలేదు, కాసేపు అలాగే కూర్చున్నాను. పిల్లి బీరువా మీద నుంచి చూస్తోంది.

తర్వాత వేలెత్తి తిప్పాను.